వలలు చింపే మునిగిన పడవను సైడ్ స్కాన్ సోనార్‌తో వెదకడం: చిన్న పడవ మీద అమరిక, నడిపే తీరు

ఉప్పాడకు ఎదురుగా ఎనిమిది బారల లోతులో ఏనాడో మునిగిన చెక్క మరపడవ ఒకటి ఏటా వలలను చింపుతోందనీ, దాని జాడ పట్టడానికి మీరు నలుగురు కలిసి 400, 900 కిలోహెర్ట్జ్‌లలో పనిచేసే వాడిన సైడ్ స్కాన్ సోనార్ (ధ్వనితో నీటి అడుగు నేల బొమ్మను గీసే యంత్రం) ఒకటి కొన్నారనీ రాశారు. దాని టోఫిష్‌ను, అంటే తీగతో నీటిలో లాగే భాగాన్ని, 24 అడుగుల ఫైబర్ పడవ అమరానికి (వెనుక కొసకు) కట్టి, రేంజ్ (ఒక్కో వైపు చూసే దూరం) 150 మీటర్లు పెట్టి, ఆరేడు నాట్ల వేగంతో రెండు రోజులు తిరిగినా తెర మీద అడ్డగీతలూ చుక్కలూ తప్ప మరేమీ కనబడలేదని, పరికరం చెడిపోయిందేమోనని మీ అనుమానం. మీరు జతపరచిన చిత్రాలు చూశాను. పరికరం చెడిపోలేదు. కాకినాడ అఖాతంలోనూ గోదావరి పాయల్లోనూ సర్వే పడవల మీద ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేసినవాడిగా చెబుతున్నాను: మీ పరికరం పంపిన ధ్వని నేలను చేరేలోపే నురగలో చిక్కుకుపోయింది, చేరిన కాస్తనూ మీ వేగం మింగేసింది.

ఎందుకో అర్థం కావాలంటే ఈ యంత్రం బొమ్మను ఎలా గీస్తుందో ముందు చూడాలి. ఇది కెమెరా లాగా ఒక్కసారిగా బొమ్మ తీయదు. టోఫిష్‌కు ఇరువైపులా ఉన్న ట్రాన్స్‌డ్యూసర్లు (ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని అందుకునే భాగాలు) విసనకర్ర ఆకారంలో ధ్వనిని విసురుతాయి. ఆ విసనకర్ర నిలువుగా బాగా వెడల్పుగా, పడవ నడిచే దిక్కులో మాత్రం అరడిగ్రీ, ఒక డిగ్రీ మించనంత సన్నగా ఉంటుంది. ఒక్కో పింగ్‌కు, అంటే ఒక్కసారి విసిరిన ధ్వనికి, నేల మీద ఒక్క సన్నని గీత మాత్రమే వస్తుంది. పడవ ముందుకు జరుగుతున్నకొద్దీ ఆ గీతలు ఒకదాని పక్కన ఒకటి చేరి, మగ్గం మీద పేక పడినట్టు, బొమ్మ అల్లుకుంటుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది కనుక, 50 మీటర్ల రేంజ్‌లో పోయి రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. అంటే సెకనుకు 15 పింగ్‌లు. మూడున్నర నాట్ల వేగంలో పడవ సెకనుకు 1.8 మీటర్లు కదులుతుంది కాబట్టి గీతకూ గీతకూ మధ్య 12 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. మీరు పెట్టిన 150 మీటర్ల రేంజ్‌లో సెకనుకు 5 పింగ్‌లే వస్తాయి. ఏడు నాట్ల వేగంలో ఆ గీతల మధ్య దూరం 70 సెంటీమీటర్లు దాటిపోతుంది. అప్పుడు మీటరు వెడల్పున్న వస్తువు మీద ఒకటో రెండో గీతలు పడతాయి. ఒక వస్తువును వస్తువుగా గుర్తించడానికి కనీసం మూడు గీతలు, నమ్మకంగా చెప్పడానికి ఐదు గీతలు దాని మీద పడాలని నా లెక్క. పైగా 900 కిలోహెర్ట్జ్ ధ్వని 150 మీటర్లు పోయి తిరిగి రాలేదు; ఆ పౌనఃపున్యంలో 50 మీటర్లకు మించి ఆశించడం దండగ. 400 కిలోహెర్ట్జ్ అంతకన్నా దూరం పోతుంది, కానీ వివరం తక్కువ. వెదకడానికి 400, దొరికినదాన్ని పరిశీలించడానికి 900 అన్నది మీరు పాటించవలసిన విభజన.

ఇక పని మొదలుపెట్టేది సముద్రంలో కాదు, ఒడ్డున. టోఫిష్‌ను చెక్క బల్ల మీద పెట్టి, తీగ కలిపి, సోనార్‌ను కొద్ది క్షణాలు మాత్రం నడపండి. ఎడమవైపు ట్రాన్స్‌డ్యూసర్ మీద బొటనవేలితో గట్టిగా రుద్దితే తెర మీద ఎడమ సగంలో గుర్తు పడాలి, కుడివైపు రుద్దితే కుడి సగంలో పడాలి. వాడిన పరికరాల్లో తీగ కొసలు విప్పి మళ్లీ అతికించినవి చాలా ఉంటాయి. ఎడమ కుడులు తారుమారైతే మీరు రోజంతా శ్రమించి పడవకు ఎడమవైపు చూసినదాన్ని కుడివైపు వెదుకుతారు. ఈ పరీక్ష తరువాత జెట్టీ దగ్గర నీటిలోకి దింపి, స్తంభాలను ఎడమవైపు ఉంచుకుని ఒకసారి మెల్లగా నడిపితే అనుమానం పూర్తిగా తీరిపోతుంది. నీటిలో దింపే ముందు ట్రాన్స్‌డ్యూసర్ల ముఖాలను సబ్బునీళ్లతో తుడవండి. ఎండలో ఎండిన రబ్బరు మీద జిడ్డు, ధూళి ఉంటే సన్నని గాలిపొర అంటుకుని ఉండిపోతుంది. ధ్వనికి గాలిని మించిన గోడ లేదు. చూడడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, మొదటి అరగంట బొమ్మ మసకగా వచ్చి ఆ తరువాత దానంతట అదే బాగుపడడం మీరు గమనించి ఉంటే కారణం ఇదే కావచ్చు.

మీ చిత్రాల్లో మూడు రకాల చెత్త ఉంది. దేని మూలం దానిదే. ఒకే ఎడంతో ఏటవాలుగా బారులు తీరిన చిన్న గీతలు మరో సోనార్ నుంచి వచ్చేవి. మీ పడవలో లోతునూ చేపలనూ చూపే ఫిష్‌ఫైండర్ 200 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తుంటే దాని రెట్టింపు పౌనఃపున్యం సరిగ్గా 400 దగ్గర పడుతుంది. వెదికేటప్పుడు దాన్ని ఆపేయండి. లోతు తెలియదేమోనని భయపడనవసరం లేదు, టోఫిష్ కింద నేల ఎంత దూరంలో ఉందో సోనార్ తెరే చెబుతుంది. తెరంతా ఇసుక చల్లినట్టు కనబడే చుక్కలు విద్యుత్తు మూలంగా వచ్చేవి. ల్యాప్‌టాప్‌ను ఇన్వర్టర్‌తో నడిపారని రాశారు, దాన్ని మానేయాలి. సోనార్‌కు ఇంజన్‌తో సంబంధం లేని 12 వోల్టుల బ్యాటరీ ఒకటి విడిగా పెట్టండి, ల్యాప్‌టాప్‌ను దాని సొంత బ్యాటరీతో గానీ 12 వోల్టుల నుంచి నేరుగా ఇచ్చే ఛార్జర్‌తో గానీ నడపండి. ఇంజన్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి చూస్తే తప్పు ఎక్కడుందో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మూడోది, ఈ చివర నుంచి ఆ చివర వరకు తెరను అడ్డంగా కోసే నల్లని పట్టీలు. అవి నురగ. ఇంజన్ పంకా చిమ్మిన బుడగల్లోకి టోఫిష్ వెళ్లినప్పుడల్లా ఆ పింగ్‌ల ధ్వని బయటికే పోలేదు.

దాని మూలం మీ కట్టులో ఉంది. లోతైన నీటిలో, వంద మీటర్ల తీగ వదిలి, పెద్ద ఓడ వెనుక లాగేవారికి అమరం నుంచి కట్టడం సరైనదే. పదిహేను మీటర్ల నీటిలో, అవుట్‌బోర్డ్ ఇంజన్ ఉన్న చిన్న పడవకు అది తగదు. నురగ బాధ ఒకటి, తీగ పంకాకు చుట్టుకునే ప్రమాదం ఇంకొకటి. పడవ నడుముకు కాస్త ముందు, పక్కకు అడుగున్నర బయటికి వచ్చేలా గట్టి ఇనుప గొట్టం బిగించి, దాని కొసకు కప్పీ తగిలించి, టోఫిష్‌ను అక్కడి నుంచి దింపండి. తీగ నీటిలో దిగే చోటు ఇంజన్‌కు ముందు, పక్కన ఉంటే టోఫిష్ తగినంత లోతుకు దిగాక పంకా నురగ దాని పై నుంచి పోతుంది. బరువు తీగ మీద పడకుండా వేరే మోకు మీద పడేట్టు కట్టడం, ఆ మోకు కొసను పడవలోని గట్టి కొయ్యకు ముడి వేయడం మరచిపోవద్దు. సంకేతాలు మోసే తీగను చేతులతో లాగి, మెలిపెట్టి వాడితే లోపలి పోగులు తెగి, నెలల తరువాత ఎక్కడ తెగిందో తెలియని రోగం మొదలవుతుంది.

టోఫిష్ ఏ ఎత్తులో ఎగరాలన్నదే ఈ పని మొత్తానికి ఆయువుపట్టు. నేల నుంచి టోఫిష్ ఎత్తు మీరు పెట్టిన రేంజ్‌లో పదో వంతుకు తగ్గకుండా, ఐదో వంతుకు మించకుండా ఉండాలి. 50 మీటర్ల రేంజ్‌కు 5 నుంచి 10 మీటర్లు. మీ 15 మీటర్ల నీటిలో నేలకు 6 మీటర్ల పైన, అంటే ఉపరితలానికి 9 మీటర్ల కింద ఎగరనివ్వండి. ఎందుకింత కిందికి అంటే, ఈ యంత్రంలో బొమ్మ కన్నా నీడకే విలువ ఎక్కువ. పొద్దుటి ఎండలో చిన్న గులకరాయి కూడా పొడుగు నీడ వేస్తుంది, మిట్టమధ్యాహ్నం తాడిచెట్టు నీడ కూడా మొదట్లోనే ముడుచుకుంటుంది. టోఫిష్ నేలకు దగ్గరగా ఉంటే అది పొద్దుటి ఎండ. పైకి పోతే మధ్యాహ్నపుటెండ. మరీ కిందికి దిగితే మాత్రం దూరపు అంచులు నేల మిట్టల చాటున పడి రేంజ్ సగం వృథా అవుతుంది, నేలకు తగిలే ప్రమాదమూ ఉంది. 2016 జూలై 22న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంలో అదృశ్యమైన వాయుసేన ఏఎన్-32 విమానంలో విశాఖపట్నం వాసులు కూడా ఉన్నారు. ఆ విమాన శకలాలు సుమారు 3,400 మీటర్ల లోతులో ఉన్నట్టు 2024 జనవరిలో తెలిసింది, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వారు తమ స్వయంచాలక వాహనంతో సోనార్‌ను ఆ లోతుకు దించి నేల దగ్గర తిప్పినప్పుడే. మీ పదిహేను మీటర్లకూ ఆ మూడు వేల మీటర్లకూ సూత్రం ఒకటే.

ఎత్తును ఎలా చదవాలో చెబుతాను. తెర మధ్యలో ఇరువైపులా నల్లగా కనబడే పట్టీ నీటి పట్టీ. టోఫిష్ నుంచి నేల మొదటి ప్రతిధ్వని వచ్చేదాకా ఏమీ లేదు కనుక అది నల్లగా ఉంటుంది. దాని సగం వెడల్పే టోఫిష్ ఎత్తు. ఒక చిక్కు ఉంది. టోఫిష్ రెండు మీటర్ల లోతులోనే తేలుతుంటే, నేల కన్నా ముందు నీటి ఉపరితలం నుంచే ప్రతిధ్వని వస్తుంది. ఆ గీతను నేల అనుకుని టోఫిష్ అడుగున ఉందని భ్రమపడినవారిని చూశాను. తీగ కాస్త వదలండి: దూరం పెరిగే గీత ఉపరితలానిది, తగ్గే గీత నేలది.

ఎంత తీగ వదిలితే ఎంత లోతుకు పోతుందన్నది మీ టోఫిష్ బరువు, తీగ మందం, వేగం కలిసి నిర్ణయిస్తాయి కనుక మరొకరి లెక్క మీకు పనికిరాదు. ఒక పూట దీనికే కేటాయించండి. తీగకు ఐదేసి మీటర్లకు ఒక రంగు టేపు చుట్టి, చదునైన బురద నేల ఉన్న చోట 10, 15, 20, 25 మీటర్ల తీగతో, రెండున్నర, మూడున్నర, నాలుగున్నర నాట్ల వేగాలతో నడిపి, మొత్తం లోతులోంచి టోఫిష్ ఎత్తును తీసివేసి పట్టిక రాసుకోండి. తేలికైన టోఫిష్ అయితే వేగం ఒక నాట్ పెరిగినా మీటర్ల కొద్దీ పైకి లేస్తుంది. ఆ పట్టిక చేతిలో ఉన్ననాడు సరంగుకూ తీగ పట్టుకున్నవాడికీ మధ్య అరుపులు సగం తగ్గుతాయి. నేల ఎదురెక్కి వస్తున్నదని తెరలో కనబడితే వేగం పెంచాలి, తీగ లాగాలి. చాలామంది భయపడి వేగం తగ్గిస్తారు, టోఫిష్ నేరుగా పోయి నేలను గుద్దుకుంటుంది. మలుపు తిరిగేటప్పుడు కూడా టోఫిష్ వేగం తగ్గి కుంగుతుంది కనుక, మలుపుకు ముందే నాలుగైదు మీటర్ల తీగ లోపలికి లాగి, వెడల్పుగా తిరగండి. ఇంజన్ అనుకోకుండా ఆగితే మరే పనీ చేయకుండా ముందు తీగ లాగడమే పని. తీగ నీటిలో ఉండగా ఇంజన్‌ను వెనక్కు నడపరాదు, ఎంత అవసరమైనా సరే.

వెదికే గళ్లను ఎలా గీయాలి? ముందు వలలు చిరిగిన చోట్లను సేకరించండి. జీపీఎస్ అంకెలు ఉన్నవారి దగ్గర అంకెలు, లేనివారి దగ్గర తీరపు గుడి గోపురం, సెల్ టవరు వరుసగా కనబడేట్టు పట్టుకున్న గుర్తులు. రెండు గుర్తుల వరుసలు ఖండించుకున్న చోటు చాలాసార్లు ఫోను చెప్పినదానికన్నా నమ్మదగినదిగా తేలింది నాకు. అంకెలు రాసుకునేటప్పుడు డిగ్రీలు, మినిట్లు, వాటి దశాంశాలా, లేక సెకన్లా అన్నది అడిగి రాసుకోండి. ఒకసారి మేము 16.50 మినిట్లను 16 మినిట్ల 50 సెకన్లుగా చదివి, 600 మీటర్లకు పైగా పక్కకు పోయి, ఒక రోజంతా శుభ్రమైన బురద నేలను అద్భుతమైన నాణ్యతతో చిత్రించి వచ్చాము. ఆ బురద చిత్రాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

సేకరించిన చోట్లన్నీ ఇమిడేలా ఒక చతురస్రం గీయండి. దాంట్లో పడవ నడవవలసిన గీతల దిక్కు సాధారణంగా తీరానికి సమాంతరంగా ఉంటే లోతు పెద్దగా మారదు, టోఫిష్ ఎత్తు నిలకడగా ఉంటుంది. అయితే అల పక్క నుంచి కొట్టి పడవ దొర్లుతుంటే దాన్ని వదిలి, అలకు ఎదురుగా, అలతో పాటుగా నడపడమే మేలు. చిన్న పడవలో ఒక్కో కుదుపు తీగ ద్వారా టోఫిష్‌కు చేరి, తెరలో తీరైన గీత కాస్తా రంపపు పళ్లలా వస్తుంది. 50 మీటర్ల రేంజ్‌తో ఇరువైపులా కలిపి 100 మీటర్ల పట్టీ చూస్తారు గానీ, గీతల మధ్య 100 మీటర్లు పెట్టకండి. టోఫిష్‌కు సరిగ్గా కిందున్న భాగం ఎప్పుడూ సరిగా కనబడదు, అంచులు నీరసపడతాయి. నేనైతే 40 మీటర్లు పెడతాను. అప్పుడు ఒక గీతకు గుడ్డిదైన భాగం పక్క గీతలో స్పష్టంగా వస్తుంది, నేలలో ప్రతి చోటునూ కనీసం రెండు కోణాల నుంచి చూసినట్టవుతుంది. కిలోమీటరు చతురస్రానికి 25 గీతలు. మూడున్నర నాట్లతో గీతకు తొమ్మిది నిమిషాల పైచిలుకు, మలుపుకు నాలుగు నిమిషాలు, వెరసి ఐదున్నర గంటలు. తెల్లవారుజామున ఆరుకు మొదలుపెడితే మధ్యాహ్నపు గాలి లేచేలోగా ముగించవచ్చు. పడవ సరళరేఖ తప్పకుండా నడవడం ఈ లెక్కలన్నిటికన్నా ముఖ్యం. సరంగు గీత తప్పిన సంగతి గమనించి ఒక్కసారిగా చుక్కాని తిప్పితే ఆ చోట బొమ్మ వంకరపోతుంది. మెల్లగా, నూరు మీటర్ల మేర దిద్దుకోమనండి.

జీపీఎస్ యాంటెన్నా చెప్పేది దాని స్థానమే, టోఫిష్‌ది కాదు. 25 మీటర్ల తీగ వదిలి, టోఫిష్ 9 మీటర్ల లోతులో ఉంటే, లంబకోణ త్రిభుజపు లెక్క ప్రకారం అది తీగ దిగే చోటుకు సుమారు 23 మీటర్లు వెనుక ఉంటుంది. తీగ వంపు తిరుగుతుంది కనుక అంతకన్నా కాస్త తక్కువ. దానికి యాంటెన్నా నుంచి కప్పీ దాకా దూరాన్ని కలిపి సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయాలి, తీగ పొడుగు మార్చిన ప్రతిసారీ ఆ మార్పును కూడా రాయాలి. సరిగా చేశారో లేదో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. ఒకే రాయిని తూర్పుకు పోతూ ఒకసారి, పడమరకు పోతూ ఒకసారి చూడండి. రెండు స్థానాలూ కలిస్తే లెక్క సరి. కలవకపోతే వాటి మధ్య దూరంలో సగమే మీ పొరపాటు. అసలు వస్తువు ఆ రెంటి నడిమధ్య ఉంటుంది.

తెర మీద గెయిన్ మీటలను (ప్రతిధ్వని బలాన్ని పెంచి తగ్గించేవి) మాటిమాటికీ తిప్పే అలవాటు మానండి. దూరంతో పాటు నీరసించే ప్రతిధ్వనిని సరిచేసే అమరికను మొదటి గీతలో ఒక్కసారి కుదుర్చుకుని వదిలేయండి. మధ్యలో మారిస్తే నేల మారిందో మీట మారిందో ఇంటికి వచ్చాక తెలియదు. సోనార్ ఇచ్చిన ముడి డేటాను ఎక్స్‌టీఎఫ్ (సోనార్ డేటాకు వాడే ఫైలు రకం) ఫైళ్లుగా, ఒక్కో గీతకు ఒక్కో ఫైలుగా భద్రపరచండి. కాగితం మీద సమయం, గీత సంఖ్య, దిక్కు, తీగ పొడుగు, వేగం, పక్కగా పోయిన పడవల సంగతి రాస్తూ ఉండాలి. పక్కగా పోయిన మరబోటు నురగ చారలు అది దాటిపోయిన చాలాసేపటి వరకు నీటిలో నిలిచి, తెర మీద పొడుగాటి వస్తువులా కనబడి ఎంతోమందిని మోసం చేశాయి.

ఇప్పుడు బొమ్మ చదవడం. మీ తెరలో గట్టి ప్రతిధ్వని వెలుగుగా, నీడ నల్లగా వస్తుందనుకుంటున్నాను; కొన్ని పాత యంత్రాల్లో ఇది తలకిందులు, ముందు చూసుకోండి. ఆ తీరంలో గోదావరి తెచ్చిపోసిన మెత్తని బురద ఎక్కువ, అది ధ్వనిని మింగి మసకగా కనబడుతుంది. ఇది మీకు మేలే. నున్నని మసక నేల మీద చెక్క, ఇనుము, రాయి స్పష్టంగా వెలుగుతాయి. సమాంతరంగా జంటగా సాగే సన్నని గాడులు ట్రాలు బోర్డులు (ఈడ్చే వల నోటిని తెరిచి ఉంచే పలకలు) ఈడ్చిన గుర్తులు. గుంటలో ముందు నీడ, తరువాత వెలుగు వస్తాయి, మిట్టలో ముందు వెలుగు, తరువాత నీడ. వెలుగుకూ నీడకూ మధ్య ఖాళీ ఉంటే ఆ వస్తువు నేలను అంటి లేదు, నీటిలో తేలుతోంది; చేపల గుంపులు ఇలాగే ఉంటాయి. మునిగిన పడవ మీద చిక్కుకుని పైకి లేచి ఊగుతున్న వల కూడా ఇలాగే కనబడుతుంది గనుక, మీరు వెదికే పడవ విషయంలో ఈ గుర్తు మీద కన్నేసి ఉంచండి. వరద తెచ్చిన తాటి మొద్దులు తిన్నగా ఉండి పడవ అంచులా భ్రమ పుట్టిస్తాయి. ప్రకృతిలో సరళరేఖలు దొరుకుతాయి, కానీ ఒక కోణంలో కలుసుకునే రెండు సరళరేఖలూ, ఒకే ఎడంలో వరుసగా ఉన్న పక్కబద్దలూ అరుదు. బురదలో సగం పూడిన పాత చెక్క పడవకు మీరు చూడవలసినది ఆ బద్దల వరుస, చుట్టూ ప్రవాహం తవ్విన గుంట, ఇంజన్ దిమ్మ వేసే పొట్టి గట్టి నీడ.

నీడ నుంచి ఎత్తు లెక్క కట్టవచ్చు. టోఫిష్ ఎత్తును నీడ పొడుగుతో గుణించి, టోఫిష్ నుంచి నీడ చివరి దాకా ఉన్న దూరంతో భాగించండి. టోఫిష్ 6 మీటర్ల ఎత్తులో ఉండి, వస్తువు 24 మీటర్ల దగ్గర మొదలై, నీడ 6 మీటర్లు సాగి 30 దగ్గర ముగిస్తే, ఎత్తు 1.2 మీటర్లు. వలను పట్టుకోవడానికి అది చాలు. తెర మీది దూరాలు ఏటవాలు దూరాలని కూడా గుర్తుంచుకోండి: 6 మీటర్ల ఎత్తు నుంచి 10 మీటర్లుగా కనబడేది నేల మీద 8 మీటర్ల దూరంలోనే ఉంటుంది. దగ్గరి వస్తువులు నొక్కుకుపోయినట్టు కనబడేది అందుకే. సాఫ్ట్‌వేర్ దీన్ని సరిచేస్తుంది, నీటి పట్టీని సరిగ్గా గుర్తించినంతవరకు.

అనుమానపు వస్తువు కనబడగానే దాని మీదికి పోవద్దు. సరిగ్గా దాని మీద నుంచి పోతే గుడ్డి భాగంలో పడి మాయమవుతుంది. ఆ రోజు గీతలన్నీ పూర్తయ్యాక, 900 కిలోహెర్ట్జ్‌కు మార్చి, రేంజ్ 30 మీటర్లకు తగ్గించి, టోఫిష్‌ను 3, 4 మీటర్ల ఎత్తుకు దింపి, వస్తువు రేంజ్ మధ్య భాగంలో పడేట్టు నాలుగు దిక్కుల నుంచీ ఒక్కోసారి పక్కగా నడపండి. నిజమైన వస్తువు నీడ ప్రతిసారీ మీకు అవతలి వైపు పడుతుంది. నురగ, చేపలు, మరో సోనార్ గీతలు రెండోసారికి ఉండవు. ఈ నాలుగు నడకల్లోనే వల చిక్కుకునే ప్రమాదం ఎక్కువ. టోఫిష్ ముక్కు దగ్గర తెగే పిన్ను ఉండే రకమైతే, తట్టుకున్నప్పుడు ఆ పిన్ను తెగి లాగుడు తోక వైపుకు మారి టోఫిష్ వెనక్కు జారి వస్తుంది. దాని స్థానంలో ఎవరో స్టీలు బోల్టు బిగించి ఉంటే, వాడిన పరికరాల్లో ఇది తరచుగా కనబడుతుంది, తీసేసి అసలు పిన్ను పెట్టండి. తీగ పట్టుకున్న మనిషి చేతి తొడుగులు వేసుకోవాలి, తీగను చేతికి చుట్టుకోరాదు, కాళ్ల దగ్గర చుట్టలు ఉంచుకోరాదు.

కాలం గురించి కొంచెం చెప్పాలి. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా గోదావరి వరద నీరు తీరం వెంబడి ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. ధ్వని ఎప్పుడూ తన వేగం తక్కువగా ఉండే పొర వైపు వంగుతుంది. మంచినీటి పొరలో వేగం తక్కువ కనుక కిరణాలు పైకి వంగి ఉపరితలపు అల్లరిని తెర మీదికి తెస్తాయి. వేసవి మధ్యాహ్నాలలో ఇందుకు విరుద్ధంగా పై నీరు వేడెక్కి కిరణాలు కిందికి వంగుతాయి, అంచుల్లో నేల కనబడకుండా పోతుంది. రెండింటికీ మందు ఒకటే: టోఫిష్‌ను పొర కిందికి దించడం, రేంజ్ తగ్గించడం. మీకు ఫిబ్రవరి, మార్చి ఉదయాలు మంచివి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో నీటిలో వలలూ ఎదురొచ్చే బోట్లూ తక్కువ, టోఫిష్‌కు క్షేమం, కానీ గాలి పదింటికే లేస్తుంది. ముందుగా మత్స్యశాఖకూ తీరప్రాంత పోలీసులకూ లిఖితపూర్వకంగా తెలపండి, ఓడరేవు హద్దుల దగ్గరికి పోయేట్టయితే రేవు అనుమతి లేకుండా దింపకండి.

ఇదే పరికరాన్ని తరువాత గోదావరిలో వాడాలని ఉందని చివరలో రాశారు. అది వేరే చదువు. నదిలో ప్రవాహానికి ఎదురు నడిస్తేనే నేల మీద మెల్లగా పోతూ కూడా చుక్కాని మాట వింటుంది. ప్రవాహంతో పాటు నడిస్తే వేగం మీ చేతిలో ఉండదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ పడవను వెదకడానికి నౌకాదళ బృందం సైడ్ స్కాన్ సోనార్ వాడింది; పడవను బయటికి లాగింది మాత్రం అక్టోబర్ 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లూ ఇనుప తాళ్లతో. ఆ కొండల నడుమ గోదావరి వరద మీద ఉన్నప్పుడు సోనార్ చెప్పినదానికీ మనిషి చేయగలిగినదానికీ మధ్య ఎంత ఎడం ఉంటుందో అక్కడ ఒడ్డున నిలబడినవారు చూశారు. వరద కాలంలో మీ పడవతో ఆ పని తలపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

మునిగిన పడవ దొరికితే ఈతగాళ్లను వెంటనే దింపవద్దు. పాత వలలు కప్పుకున్న పడవ మనిషిని కూడా చేపను పట్టినట్టే పడుతుంది. పోటు పాటుల మధ్య నీరు నిలిచే వేళ, అనుభవమున్న డైవర్లు, కోతకు కత్తులు, పైన రెండో మనిషి సిద్ధంగా ఉంటే తప్ప అది జరగకూడదు. ముందు సీసపు గుండు తాడు వేసి లోతు కొలిచి, వెదురు జెండా ఉన్న తేలుడు బుడ్డి ఒకటి కట్టి, స్థానాన్ని డిగ్రీలు, మినిట్లు, దశాంశాలలో రాసి, కనీస లోతుతో సహా మత్స్యశాఖకూ డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానికీ పంపండి. నావికులకు హెచ్చరికలు వెలువడేదీ సముద్రపు పటాలు దిద్దేదీ అక్కడి నుంచే. కట్టు మార్చి, 50 మీటర్ల రేంజ్‌తో, మూడున్నర నాట్లతో నడిపిన మొదటి గీత ఎక్స్‌టీఎఫ్ ఫైలును ఇక్కడ పెడితే, మిగతా 24 గీతలు నడిపే ముందే చూసి చెబుతాను.